రెండు తీగల విమానం

పిల్లలూ, మీలో గాలిపటం ఎగరెయ్యనివాళ్లు ఉండరు. దారం బిగువుగా ఉన్నంతసేపూ పటం మీ మాట వింటుంది. దారం సడలిందో, తల వాల్చి ఏ చింతచెట్టు మీదికో పోతుంది. నేను మీకు చెప్పబోయే విమానానిది కూడా సరిగ్గా ఇదే స్వభావం. దీనికి దారానికి బదులు ఉక్కుతీగ ఉంటుంది. అదీ ఒకటి కాదు, రెండు. ఆ తీగల కొసలు కట్టిన పిడిని పట్టుకుని మీరు మధ్యన నిలబడితే, విమానం మీ చుట్టూ గుండ్రంగా ఎగురుతుంది. మీరు పైకి పొమ్మంటే పోతుంది, దిగమంటే దిగుతుంది. నేర్పు కుదిరితే గాలిలో పిల్లిమొగ్గలు కూడా వేస్తుంది. దీన్ని కంట్రోల్ లైన్ విమానం అంటారు.

మా పాప ముందు అడిగింది ఇది కాదు. దానికి అప్పుడు పదకొండేళ్లు. డ్రోను కొనిపెట్టమన్నది. మీట నొక్కితే తనంతట తానే లేచి గాలిలో నిలబడుతుందట. "అల్లా అయితే ఎగిరేది అదే గాని, ఎగరేసేది నువ్వు కాదుగా! మన చేతులతో మనం విమానం చేసుకుందాం. దాన్ని నువ్వే ఎగరేద్దువు గాని," అన్నాను. చాలా గొప్పమాట అన్నాననుకున్నాను. ఆ మాట తిరిగివచ్చి నాకే తగిలింది. ఆ సంగతి తరవాత చెబుతాను.

నాకు ఈ పిచ్చి పట్టింది 1996లో. సికిందరాబాదులో చదువుకునే రోజుల్లో ఎన్.సి.సి. వాయు విభాగంలో చేరాను. ఎన్.సి.సి. 1948లో మొదలయింది. 1950లో దానికి వాయు విభాగం వచ్చింది. అందులో చేరినవాళ్లు నమూనా విమానాలు చెయ్యటం కూడా నేర్చుకుంటారు. మేము వాడినది నిమ్మకాయంత ఉండే చిన్న డీజిలు ఇంజను. దానికి పెట్రోలు పనికిరాదు. ఈథరు, కిరసనాయిలు, ఆముదం ఇంచుమించు సమపాళ్లలో కలిపి పొయ్యాలి. ఈథరు త్వరగా అంటుకుంటుంది, కిరసనాయిలు బలాన్నిస్తుంది, ఆముదం లోపలి భాగాలు అరిగిపోకుండా చూస్తుంది. ఈ సంగతి చెబితే మా అమ్మ, "విమానానికీ ఆముదమేనా! చిన్నప్పుడు నీచేత తాగించలేక నా ప్రాణం పోయేది," అన్నది.

ఆరు వారాలు కష్టపడి చేసిన విమానాన్ని ఎగరేసే వంతు నాకు వచ్చింది. అది నేల విడిచింది. నేను పైకి అన్నాను. అది గిర్రున ముక్కు తిప్పి నేలను పొడిచింది. కారణం ఏమిటంటే, నేను పిడిని తలకిందులుగా పట్టుకున్నాను. పిడి తిరగబడితే పైకి అన్నది కిందికి అవుతుంది. ఒక్క చుట్టు కూడా పూర్తి కాలేదు. ముక్కలు ఏరుకుంటుంటే ఎవరూ నన్ను తిట్టలేదు. అదే నాకు మరీ బాధ అయింది.

పైకి, కిందికి అనటం ఎల్లాగో చెప్పాలి గదా. విమానం పొట్టలో మూడు మూలల చిన్న బిళ్ల ఒకటి, మేకు మీద అటూ ఇటూ తిరిగేటట్టు బిగించి ఉంటుంది. పేరు బెల్‌క్రాంకు. దీన్ని త్రాసుకోల అనుకోండి. పళ్లేలు వేలాడే చోట్ల రెండు తీగలు కడతారు. అవి ఎడమ రెక్క గుండా బయటికి వచ్చి మన పిడిదాకా వస్తాయి. పిడి పైకొసను మనవేపు వంచితే పైతీగ లాగబడుతుంది, త్రాసుకోల తిరుగుతుంది. దాని మూడో మూల నుంచి ఒక కమ్మీ తోకదాకా పోయి, అక్కడి కదిలే రెక్కను ఎత్తుతుంది. ఎదురుగాలి ఆ ఎత్తిన రెక్కకు కొట్టుకుని తోకను కిందికి నొక్కుతుంది. తోక దిగితే ముక్కు లేస్తుంది గదా! అంతే, విమానం పైకి పోతుంది. ఇక కుడికీ ఎడమకూ తిరిగే బెడద లేనే లేదు. ఆ పని తీగలే చూసుకుంటాయి.

ఈ ఏర్పాటును ఊరూరా ప్రచారం చేసినవాడు అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరానికి చెందిన జిమ్ వాకర్. 1942లో దీనికి పేటెంటు కూడా పొందాడు. ఈయన ఒకేసారి మూడు విమానాలు ఎగరేసేవాడు. చేతికొకటి చొప్పున రెండు, తలకు కట్టుకున్న పిడితో మూడోది! అయితే 1955లో కోర్టు ఆ పేటెంటు చెల్లదన్నది. ఓబా సెంట్ క్లెయిర్ అనే ఆయన అంతకు ముందే ఇల్లాంటి విమానాన్ని నలుగురి ఎదటా ఎగరేసినట్టు రుజువయింది. పేటెంటు ఎవరిదయితేనేం, మా పాపకు నచ్చింది మాత్రం తలతో ఎగరెయ్యటమే. రెండు రోజులపాటు తలకు తువాలు చుట్టుకుని ఇల్లంతా తలాడిస్తూ తిరిగింది.

విమానం చెయ్యటానికి మాకు నాలుగు ఆదివారాలు పట్టింది. దానికి బాల్సా కర్ర కావాలి. ఈ చెట్టు దక్షిణ అమెరికా అడవులలో పెరుగుతుంది. కర్ర ఎక్కువగా ఈక్వడారు దేశం నుంచి వస్తుంది. మన బూరుగు చెట్టుకు ఇది దగ్గిరి చుట్టం. ఘనపు మీటరు టేకు సుమారు 650 కిలోలు తూగితే, బాల్సా సుమారు 160 కిలోలే తూగుతుంది. పలకను మొదటిసారి చేతికిచ్చినప్పుడు మా పాప, "ఇది అట్టా, కర్రా?" అని అడిగింది. గోటితో నొక్కితే గుంట పడుతుంది. కాని దాన్ని నిలువుగా పట్టి వంచబోతే ఎంత బలమో తెలుస్తుంది.

ఈసారి డీజిలు ఇంజను పెట్టలేదు. చిన్న కరెంటు మోటారు, బ్యాటరీ, రెండు నిమిషాలు కాగానే మోటారును ఆపేసే చిన్న యంత్రం పెట్టాము. ఆముదం వాసన లేని విమానం నాకు కొంచెం చప్పగానే ఉన్నది గాని, పసిపిల్ల చేతికి ఈథరు సీసా ఇవ్వలేను గదా. అల్లా అని కరెంటు మోటారు మంచిదనీ అనుకోవద్దు. ప్రొపెల్లరు వేళ్లను కోసేస్తుంది. దాని ఎదురుగా గాని పక్కన గాని మొహం పెట్టరాదు. బ్యాటరీకి చార్జి ఎక్కుతున్నంతసేపూ పెద్దవాళ్లు దగ్గిర ఉండాలి. అది దెబ్బతింటే మంట లేస్తుంది.

గరుకు కాగితంతో రెక్క అంచులు గుండ్రంగా రుద్దటం మా పాప పని. రుద్ది రుద్ది దాని కనుబొమలు కూడా తెల్లబడ్డాయి. కోత పని మాత్రం కత్తికి భయపడి నేనే చేశాను. ఒక రెక్క రెండోదానికంటె కాస్త చిన్నదయింది. నేను చూడలేదు. అదే స్కేలు పెట్టి కొలిచి, "నాన్నా, ఇటుపక్క ఒక సెంటీమీటరు తక్కువ," అన్నది. అదృష్టం కొద్దీ ఈ విమానాలలో లోపలి రెక్క కాస్త పెద్దది ఉండటమే మంచిది. తీగల బరువు దానిమీద పడుతుంది గనక. "కావాలనే అల్లా కోశాను," అన్నాను. అది నమ్మలేదు.

తీగలు ఎప్పుడూ బిగువుగా ఉండాలన్నాను. ఎందుకు ఉంటాయి? తాడుకు రాయి కట్టి తిప్పండి. రాయి నేరుగా పోవాలని చూస్తుంది. తాడు పోనివ్వక లోపలికి లాగుతుంది. మన చేతికి ఆ లాగుడు తెలుస్తుంది. మా విమానం బరువు 300 గ్రాములు, తీగల పొడుగు 12 మీటర్లు. ఒక చుట్టు అంటే సుమారు 75 మీటర్లు. దాన్ని 5 సెకండ్లలో తిరుగుతుంది. అంటే గంటకు 54 కిలోమీటర్ల వేగం. లెక్కవేస్తే చేతిమీద పడే లాగుడు అర కిలోకు పైమాటే, విమానం బరువుకు దాదాపు రెండింతలు. ఈ లాగుడే మనకు రక్ష. ఇది తగ్గితే తీగ సడలుతుంది, తీగ సడలితే విమానం ఎవరి మాటా వినదు. అందుకని అది ఎప్పుడూ బయటికి లాగుతూ ఉండేటట్టు కొన్ని యుక్తులు చేస్తారు. మోటారును కొద్దిగా బయటి వేపుకు తిప్పి బిగించాము. నిలువు తోకను కూడా అటే వంచాము. బయటి రెక్క కొసన రెండు రూపాయి బిళ్లలు అతికించాము. వాటిని మా పాప తన డిబ్బీలోంచి ఇచ్చింది.

చివరకు పిడి పైకొసకు ఎర్రరంగు వేశాను. అది ఎందుకో మీకు తెలుసు.

ఎగరేసేముందు ఇంకొక చిక్కున్నది. విమానంతోపాటు మనమూ గిర్రున తిరగాలి గదా, కళ్లు తిరుగుతాయి. డాబా మీద అట్టముక్కకు దారం కట్టి అలవాటు చేశాము. మొదటిరోజు మా పాప పది చుట్లు తిరిగి, పిట్టగోడ వేపు తూలింది. మా అమ్మ కేకలు వేసి మా ఇద్దరినీ కిందికి దింపేసింది. మర్నాటి నుంచి పెరట్లో తిరిగాము. కిటుకు ఏమిటంటే, చుట్టూ ఉన్న గోడలనూ చెట్లనూ చూడరాదు. విమానాన్నే చూడాలి. అప్పుడు విమానం నిలబడి ఉన్నట్టూ, లోకం దాని వెనకనుంచి పరుగెత్తుతున్నట్టూ ఉంటుంది. వారం రోజులలో మా పాప ఇరవై చుట్లు తిరిగి నిలబడగలిగింది. నేను పన్నెండు.

మాది కాకినాడ. ఇక్కడ పొద్దెక్కితే సముద్రపు గాలి మళ్లుతుంది. అందుకని తెల్లవారగానే ఇంటికి దగ్గిరలో ఉన్న ఖాళీ స్థలానికి పోయాము. పాప మేనమామ కూడా వచ్చాడు. నేను తీగల చుట్ట విప్పబోతుంటే మా పాప తల ఎత్తి చూసి, "నాన్నా, మన తీగలు ఉక్కువి గదా? ఆ తీగలకు తగిలితే?" అన్నది.

స్థలం అంచున 11 వేల వోల్టుల కరెంటు తీగలు పోతున్నాయి. ఆ దారిన నేను రోజూ స్కూటరు మీద పోతాను, ఒక్కనాడూ వాటిని చూసిన పాపాన పోలేదు. నా గుండె ఝల్లుమన్నది. అంత వోల్టేజి ఉన్న తీగను తాకనక్కర్లేదు, బాగా చేరువకు పోతేనే కరెంటు గాలిలోంచి దూకుతుంది. ఉక్కుతీగ వెంట పిడి పట్టుకున్నవాడి చేతికి వస్తుంది. ఈ ఆటలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు, సరిగ్గా ఇల్లాగే. గాలిపటాలకు లోహపు తీగ కట్టరాదనేది కూడా ఇందుకే. ఏమీ మాట్లాడకుండా చుట్ట సర్దుకుని, ఊరవతల కాలేజీ మైదానానికి పోయాము. అక్కడ కరెంటు తీగలు కనుచూపు మేరలో లేవు.

మొదటి రెండు ఆదివారాలూ నేను పాప వెనక నిలబడి, పిడి మీద దాని చెయ్యీ, దాని చేతిమీద నా చెయ్యీ వేసి ఎగరేశాము. కొత్తవాళ్లందరూ చేసే తప్పు ఒకటున్నది. విమానం కొంచెం దిగగానే పిడిని గట్టిగా వెనక్కు వంచుతారు. అది తారాజువ్వలా లేస్తుంది. భయపడి ముందుకు వంచుతారు. నేలకు దూకుతుంది. మణికట్టు కదపకుండా చెయ్యి మొత్తం ఎత్తి దించాలి. రెండో ఆదివారం నా చేతికింద పాప చెయ్యి తనంతట తానే ఆ పని చేస్తున్నట్టు తోచింది. "వచ్చే ఆదివారం నువ్వొక్కదానివే," అన్నాను.

ఆ ఆదివారం వచ్చింది. పాప పిడి పట్టుకున్నది. నేను వెనక ఒక్క అడుగు దూరంలో ఉన్నాను. దాని మావయ్య విమానాన్ని వదిలాడు. గాలి తోక వెనకనుంచి వచ్చే చోట వదలాలి. అప్పుడు మొదటి మలుపులో గాలే విమానాన్ని బయటికి నెట్టి తీగలను బిగిస్తుంది. అంతా సరిగానే జరిగింది. మొదటి చుట్టు, రెండోది, మూడోది. విమానం కెరటంలా లేస్తూ పడుతూ తిరిగింది. నాలుగో చుట్టులో బాగా పైకి లేచింది. ఇంకా లేచింది. నాకు 1996 గుర్తుకు వచ్చింది. ఒక్క అంగలో ముందుకు పోయి, పాప చేతిలోని పిడిని లాక్కున్నాను.

అది వదలలేదు. రెండు చేతులు ఒక పిడిని చెరొకవేపుకు లాగితే ఏమవుతుంది? తీగలు సడలిపోయాయి. విమానం ఒక క్షణం ఆలోచిస్తున్నట్టు నిలబడి, లోపలికి తిరిగి, మాకు ఆరేడు మీటర్ల దూరాన ముక్కుమీద పడింది. ముక్కు ఊడింది, ప్రొపెల్లరు రెండు ముక్కలయింది, రెక్క నిలువునా చీలింది.

పాప విమానం వేపు చూడలేదు. నావేపు చూసింది. "నేను కిందికి అంటున్నాను, నాన్నా. అది వస్తున్నది," అన్నది.

నేను ఆమాట ఒప్పుకోలేదు. ఇంకొక చుట్టు ఆగితే నెత్తిమీద పడేదన్నాను. ఇంతలో దాని మావయ్య పరుగెత్తుకు వచ్చాడు. ఆయన వలయం అంచున నిలబడి పక్కనుంచి చూస్తున్నాడు. "ముక్కు అప్పటికే వాలింది బావా. ఎందుకు పట్టుకున్నావు?" అన్నాడు.

స్కూటరు మీద పాప విరిగిన విమానాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది. దారిలో ఒక్కమాట కూడా అనలేదు. ఇంటికి వచ్చి దాన్ని బీరువా మీద పెట్టేసింది. మూడు రోజులు దాని జోలికి పోలేదు. అన్నం దగ్గిర నాతో మామూలుగానే మాట్లాడింది, కాని విమానం మాట ఎత్తితే లేచిపోయేది. ఎగిరేది అదే గాని ఎగరేసేది నువ్వు కాదుగా అని డ్రోనును వెక్కిరించినది నేను. తీరా దానిచేత పిడి పట్టించి, ఎగరేసింది నేను! విరగ్గొట్టింది కూడా నేనే.

నాలుగోనాడు రాత్రి, "తప్పు నాదే తల్లీ," అన్నాను.

"తెలుసు," అన్నది పుస్తకంలోంచి తల ఎత్తకుండా. కొంచెంసేపు అయినాక, "జిగురు ఉన్నదా?" అని అడిగింది.

ఈసారి కత్తి దానికే ఇచ్చాను. ముక్కుకు రెండువేపులా పలచని ప్లైవుడ్డు బద్దలు కోసి అతికించింది. రెక్క చీలికలో జిగురు నింపి, ఎండేదాకా బట్టలకు పెట్టే క్లిప్పులు బిగించింది. నేను పట్టుకోమన్నచోట పట్టుకున్నాను. బాగుచేసిన ముక్కు బరువు కాస్త పెరిగింది. రెక్కలకింద రెండు వేళ్లు పెట్టి ఎత్తితే ముక్కు మునుపటికంటె వాలుతున్నది. ఇది నేర్చుకునేవాళ్లకు నష్టం కాదు, మేలే. ముక్కు బరువున్న విమానం తొందరపడి గెంతదు.

తరవాత పాప ఒక కాగితం రాసి పిడికి అతికించింది. ఎగరేసే ప్రతిసారీ చదవాలట. "ఎర్రరంగు పైన ఉన్నదా? పైకి అంటే పైకే పోతున్నదా? కరెంటు తీగలు లేవుగదా? తీగలు మెలికపడ్డాయా? వలయంలో ఎవరైనా ఉన్నారా? నాన్న ఎక్కడున్నాడు?"

ఆఖరి ప్రశ్నకు జవాబు ముందే నిర్ణయమయింది. నేను విమానం దగ్గిర ఉండాలి. అంటే పిడికి 12 మీటర్ల దూరాన.

ఆ ఆదివారం మంచు పడుతున్నది. గడ్డి తడిగా ఉన్నది. గాలి లేదు. నేను విమానాన్ని పట్టుకుని కూర్చున్నాను. దూరాన పాప పిడి వంచింది, నా చేతులకింద తోకరెక్క పైకి లేచింది, కిందికి దిగింది. అది తల ఊపింది. మోటారు జోరందుకున్నది. వదిలాను.

వదిలి వలయం బయటికి నడిచాను. నా చేతులతో ఏం చెయ్యాలో నాకు తోచలేదు. అయిదో చుట్టులో విమానం మళ్లీ పైకి లేచింది, క్రితంసారి అంత ఎత్తుకు. నేను అరవబోయి నాలుక కరుచుకున్నాను. పాప చెయ్యి మెల్లిగా, నీళ్ల చెంబు దించినట్టు, కిందికి వచ్చింది. విమానం దానితోపాటే దిగివచ్చింది. ఆ తరవాత కెరటం చిన్నదయి, ఇంకా చిన్నదయి, ఛాతీ ఎత్తున గీత గీసినట్టు తిరిగింది.

రెండు నిమిషాలు కాగానే మోటారు ఆగిపోయింది. చప్పుడు పోయేసరికి నాకు భయం వేసింది. వేగం తగ్గితే తీగలు సడలుతాయి గదా! పాప ఒక్కొక్క అడుగే వెనక్కు వేస్తూ తీగలను బిగువుగా ఉంచింది. ఇది నేను దానికి చెప్పలేదు. విమానం గడ్డిని తాకి, ఒకసారి ఎగిరి, మళ్లీ తాకి ఆగింది.

పాప పిడిని ఎర్రకొస పైకి ఉండేటట్టు జాగ్రత్తగా గడ్డిలో పెట్టి, కళ్లు తిరిగి కూలబడింది.

"ఎన్ని చుట్లు?" అని అడిగింది.

"ఇరవై మూడు," అన్నాను.

"ఇరవై నాలుగు," అన్నాడు మావయ్య.

ఆ లెక్క తేలలేదు. పాప కొంచెంసేపు చూసి, లేచి, "మళ్లీ ఎగరేస్తాను, ఇద్దరూ వేళ్లు మడిచి లెక్కపెట్టండి," అంటూ రెండో బ్యాటరీ కోసం సంచీలో చెయ్యి పెట్టింది.